చేయి మారింది, మిషన్ మారలేదు

ప్రశ్న: నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను. ఐటీ ఉద్యోగం. మాది పలమనేరు దగ్గర పల్లె. నాన్నకు 58 ఏళ్లు. నాలుగు ఆవులు, ఎకరంన్నర టమాటా. గడ్డి కోసి కోసి నడుము పోతోందని నాన్న అంటుంటే, పోయినేడాది నా బోనస్ డబ్బులతో, గడ్డిని ముక్కలు కొట్టే కరెంటు మిషన్ ఆన్‌లైన్‌లో కొని పంపాను. రెండు నెలల కిందట దాంట్లోనే నాన్న కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. గడ్డి ఇరుక్కుని ఉండగా కరెంటు పోయిందట, లాగుతుండగా వచ్చిందట. ఆసుపత్రిలో 'వేళ్లు తెచ్చారా' అని అడిగారు. మాకెవ్వరికీ ఆ ఆలోచనే రాలేదు. మర్నాడు అమ్మ కొట్టమంతా వెతికింది. వీడియో కాల్ చేస్తే నాన్న ఆ చేతిని టవల్ కింద పెట్టుకుంటాడు. ఆవుల్ని అమ్మేసి ఇక్కడికి వచ్చేయండి అంటే ఏమీ మాట్లాడకుండా ఫోన్ అమ్మకిచ్చేస్తాడు. ఇప్పుడు అమ్మే గడ్డి కొడుతోంది. పాలు పిండేది తమ్ముడు. వాడు ట్రాక్టరు బాడుగకు తోలుతాడు. మా బాబుకు ఎనిమిదేళ్లు, సెలవులొస్తే మామతో ట్రాక్టరెక్కడమే వాడి పండగ. ఆ ఫోటోనే నా వాట్సాప్ డీపీ. మా ఆయన 'అయిందేదో అయింది, వదిలెయ్' అంటారు. నేను పంపిన మిషనే కదా అని నాకు నిద్ర పట్టడం లేదు. వాళ్లను బలవంతంగానైనా తీసుకొచ్చేయాలా? (పేరు వద్దన్నారు)

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో వేళ్ల గురించి రాసింది చదివి బాధపడ్డాను. కానీ నా గుండె ఆగినంత పనైంది మాత్రం ఇంకో వాక్యం దగ్గర. 'ఇప్పుడు అమ్మే గడ్డి కొడుతోంది' అని ఏదో మామూలు విషయంలా రాసి వెళ్లిపోయారు. అదే మిషన్, అదే స్విచ్చి, చెప్పకుండా పోయి చెప్పకుండా వచ్చే అదే కరెంటు. చేయి ఒక్కటే మారింది. మీ నాన్నగారికి అలవాటైన పని ఇప్పుడు అలవాటు లేని మనిషి చేస్తోంది. అదీ చీర కొంగుతోనో, నైటీ మీద వేసుకున్న టవల్‌తోనో, చేతికి గాజులతో, కట్టు కట్టిన భర్తకు అన్నం పెట్టే వేళవుతోందన్న తొందరలో.

కాబట్టి మీ నిద్ర సంగతి, బెంగళూరుకు తీసుకురావడం సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఈ శనివారం మీరు ఊరెళ్లాలి. అందాకా గడ్డి కత్తిపీట మీదే కోయమని ఈ పూటే ఫోన్ చేసి చెప్పండి. నాలుగు రోజులు ముక్కలు కాస్త పెద్దవైతే ఆవులేమీ అలగవు.

వెళ్లేటప్పుడు ఒక వస్తువు తీసుకెళ్లాలి. దాన్ని డీఓఎల్ స్టార్టర్ అంటారు. పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉండే చిన్న డబ్బా. రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది. అదేం చేస్తుందో చెబుతాను, ఎందుకంటే మీ నాన్నగారి ప్రమాదమంతా అది లేకపోవడంలోనే ఉంది.

మీరు పంపిన మిషన్‌కు బహుశా మామూలు స్విచ్చే ఉండుంటుంది, లైటుకు ఉన్నట్టు. దాన్ని ఆన్ చేస్తే ఆన్‌లోనే ఉంటుంది. కరెంటు పోతే మిషన్ ఆగుతుంది కానీ స్విచ్చి ఆన్‌లోనే ఉండిపోతుంది. ఆగిన మిషన్ చచ్చిన పాములా కనిపిస్తుంది. నోట్లో గడ్డి ఇరుక్కుని ఉంది, పక్కన ఆవు అరుస్తోంది, ఎవరైనా చెయ్యే పెడతారు. అది అజాగ్రత్త అనను నేను. ఆగింది కదా అనుకోవడం మనిషి నైజం. కరెంటు రాగానే రోలర్లు గడ్డితో పాటు వేళ్లనూ లోపలికి లాక్కుంటాయి. వెనక్కి లాగేలోపు చక్రం మీది కత్తి ఒకసారి కాదు, నాలుగైదుసార్లు తిరిగేసి ఉంటుంది.

డీఓఎల్ స్టార్టర్ లోపల ఒక చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. కరెంటు పోగానే అది తనంతట తాను విడిపోతుంది. మళ్లీ కరెంటొచ్చినా సరే, మనిషి వచ్చి పచ్చ బటన్ నొక్కితే తప్ప మిషన్ కదలదు. అంతే. ఈ డబ్బా ఆ రోజు అక్కడుంటే మీ నాన్నగారు ఇరుక్కున్న గడ్డి లాగి, కరెంటోళ్లను నాలుగు తిట్లు తిట్టి, బీడీయో టీయో చూసుకునేవారు.

ఒక హెచ్చరిక. షాపువాడు 'ఆటో ఉన్నది ఇస్తాను మేడం, ఇంకా మంచిది' అంటాడు. వద్దు. బోరు మోటార్లకు మన రైతులు పెట్టించుకునే ఆటో సరిగ్గా దీనికి తిరగబడిన పని చేస్తుంది, కరెంటు రాగానే తనే మోటారు ఆన్ చేస్తుంది. అర్ధరాత్రి తోటకు వెళ్లే బాధ తప్పుతుందని పెట్టుకుంటారు, ఆ బాధ తెలిసినవాణ్ని కనుక తప్పు పట్టను. కానీ ఆటో పెట్టిన మోటారు దగ్గర 'ఇప్పుడు కరెంటు లేదు కదా' అని వైరు పట్టుకుని పోయినవాళ్లు మన జిల్లాల్లో ఎంతమందో. మీ తోటలో బోరు స్టార్టర్ ఆటోలో ఉంటే, పని చేసే ముందు ఫ్యూజు క్యారియర్లు పీకి జేబులో వేసుకునే అలవాటు తమ్ముడికి చేయండి. ఫ్యాక్టరీల్లో ఇదే పనికి మెయిన్ స్విచ్చికి తాళం వేసి తాళంచెవి ఫిట్టరు జేబులో పెట్టుకుంటాడు. తాళంచెవి ఎవరి జేబులో ఉందో వాడు మిషన్ లోపల ఉన్నాడని అర్థం.

నాకివన్నీ ఎలా తెలుసంటారా? మాది హిందూపురం వైపు. ముప్పై ఏళ్లు ఇక్కడ బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో పనిచేశాను, మొదట మెయింటెనెన్స్‌లో, చివర్లో సేఫ్టీ చూసేవాణ్ని. రేకులను కొట్టే పవర్ ప్రెస్సులు నా కళ్ల ముందు తిరిగినన్నాళ్లు తిరిగాయి. ఆ ప్రెస్సుకు రెండు బటన్లుంటాయి, కుడిచేతికొకటి, ఎడమచేతికొకటి. రెండూ ఒకేసారి నొక్కితేనే ప్రెస్సు దిగుతుంది, అంటే రెండు చేతులూ బయట ఉన్నట్టు లెక్క. నేను చేరిన మూడో ఏడు, నెలాఖరు టార్గెట్ కోసం ఒక ప్రెస్సు మీద ఎడమ బటన్‌ను సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేశారు. ఒక్క చేత్తో నొక్కి, రెండో చేత్తో రేకు పెడుతూ పోతే పని రెట్టింపవుతుంది. నేను చూశాను. ఆ ట్యూబు రంగు కూడా గుర్తుంది, ఎర్రది. చూసి, షిఫ్టు పుస్తకంలో 'అంతా సరిగ్గా ఉంది' అని సంతకం పెట్టాను. రెండు రోజులకు గోరంట్ల వైపు నుంచి వచ్చిన ఇరవయ్యేళ్ల కుర్రాడు మూడు వేళ్లు పోగొట్టుకున్నాడు.

నేను నొక్కలేదు, నేను కట్టలేదు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా సైకిల్ షాపు ముందు నుంచి పోతుంటే ఎర్ర ట్యూబు కనబడితే కడుపులో ఏదో అవుతుంది. కాబట్టి 'మీ తప్పేం లేదమ్మా, మరిచిపోండి' అని నేను చెప్పను, చెప్పినా మీరు నమ్మరు. మీరు ఆ మిషన్ పంపింది మీ నాన్నగారి నడుము కోసం. నా సంతకం కన్నా అది వెయ్యి రెట్లు మంచి పని. అయితే మంచి మనసుతో పంపిన మిషన్‌కు మూత లేకుండా, సరైన స్విచ్చి లేకుండా అమ్మినవాడు ఒకడున్నాడు. అలా అమ్మొచ్చని ఊరుకున్న దేశం ఒకటుంది. బాధలో మీ వాటా మీరు తీసుకోండి, మిగతావాళ్ల వాటా కూడా నెత్తికెత్తుకోవద్దు. ఆ కుర్రాడి తర్వాత నేను చేసిందల్లా ఒకటే, ప్రతి ప్రెస్సు బటన్‌నూ చేత్తో కట్టడానికి వీల్లేకుండా గుంటలోకి దించి బిగించాను. నిద్ర దాని వల్లే కొంచెం కొంచెంగా వచ్చింది.

మిషన్ దగ్గరికే మళ్లీ వస్తాను, ఇంకా రెండు పనులున్నాయి. గడ్డి పెట్టే తొట్టి పొడవు ఎంతుందో టేపుతో కొలవండి. అమ్మే కంపెనీలు రేకు మిగలాలని అడుగున్నర తొట్టి పెడతాయి. చివర్లో మిగిలిన గుప్పెడు గడ్డిని తోయబోతే చేయి సరిగ్గా రోలరు దాకా అందుతుంది. వరి, గోధుమ నూర్చే పవర్ థ్రెషర్లకు మన ప్రమాణాల సంస్థ ఒక కొలత పెట్టింది. తొట్టి కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలి, అందులో నోటి వైపు 45 సెంటీమీటర్ల మేర పైన మూత ఉండాలి. అంటే ఎంత చాచినా చేయి లోపలి పళ్లను తాకకూడదు. అదే కొలత మీ గడ్డి మిషన్‌కూ పెట్టించండి. పలమనేరులో ఏ వెల్డింగ్ షాపువాడైనా ఒక పూటలో చేసిస్తాడు. చక్రానికి, బెల్టుకు కూడా జాలీ మూత అదే షాపులో చేయించండి. చివరి గుప్పెడు తోయడానికి ఒక కర్ర. ఆ కర్రను తాడుతో మిషన్‌కే కట్టేయాలి, లేకపోతే రెండో రోజే పొయ్యిలోకి పోతుంది.

ఇంకోటి, ఎర్ర బటన్ ఎక్కడుండాలో మీ అమ్మగారిని అక్కడ నిలబెట్టి చూడండి. కుడిచేయి ఇరుక్కుంటే ఎడమచేత్తోనో మోకాలితోనో కొట్టగలిగేంత దగ్గరుండాలి. పదడుగుల దూరంలో గోడకు బిగించిన స్విచ్చి పక్కింటివాళ్లకు పనికొస్తుంది. ఆపేశాక కూడా ఆ బరువు చక్రం కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా నిలిచేదాకా, ఆ తర్వాత చక్రంలో చెక్క అడ్డం పెట్టేదాకా లోపలికి చేయి పోకూడదు.

హర్యానా పల్లెల్లో ఈ గడ్డి మిషన్ల గాయాల మీద ఐఐటీ ఢిల్లీలో దినేష్ మోహన్ బృందం చాలా ఏళ్ల కిందటే పనిచేసింది. దెబ్బ తగిలినవాళ్లలో పిల్లలు చాలామంది ఉన్నారని, పని లేనప్పుడు ఊరికే ఉన్న మిషన్ చక్రం తిప్పి ఆడుకుంటూ వేళ్లు పోగొట్టుకుంటున్నారని గమనించారు. అందుకే కత్తులకు మూతతో పాటు, వాడనప్పుడు చక్రం తిరగకుండా గొళ్లెం కూడా పెట్టాలన్నారు. మీ బాబు సెలవులకు వెళ్తాడన్నారు కదా, ఈ మాట మీ చెవిన వేయక తప్పదు.

మీ ఆయనగారు 'అయిందేదో అయింది' అన్నారు. ఊళ్లో 'తలరాత' అని ఉంటారు. ఇంకొందరు 'చూసుకోవాలి కదయ్యా' అని ఉంటారు. ఈ రెండు మాటలతోనే మన పొలాల్లో ప్రమాదాల కథ ముగిసిపోతుంది. పీణ్యాలో ఒక షెడ్డులో మోటారుకు బెల్టు తిరుగుతుంటే, నేను పనిచేసిన రోజుల్లో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ దానికి కంచె వేయాలని చెప్పేది. తిరిగే మిషన్ దగ్గర వదులు బట్టలతో పనిచేయకూడదని 22వది చెప్పేది. వేలు తెగితే ఫారం నింపాలి, ఇన్‌స్పెక్టరు రావచ్చు. అదే మోటారు, అదే బెల్టు పలమనేరు దగ్గర ఆవుల కొట్టంలో తిరిగితే అడిగే దిక్కు లేదు. థ్రెషర్ల కోసం 1983లో ప్రమాదకర యంత్రాల చట్టమని ఒకటి తెచ్చారు. తయారీదారుకు లైసెన్సు ఉండాలి, మిషన్ మీద హెచ్చరికలు ఉండాలి అని అందులో రాశారు. ఊళ్లో ఎవరినైనా అడిగి చూడండి, పేరు విన్నవాడు దొరికితే నాకు చెప్పండి.

ప్రపంచంలో గనులు, కట్టడాల పనితో సమానంగా ప్రాణాలు తీసేది వ్యవసాయమేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. ఏడాదికి కనీసం 1,70,000 మంది వ్యవసాయ కార్మికులు పనిలో చనిపోతున్నారని వాళ్ల అంచనా. మన దేశంలో కరెంటు షాకుతోనే ఇటీవలి ఏళ్లలో ఏటా 12 వేల మందికి పైగా పోతున్నట్టు జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క కడుతోంది. వాళ్లలో ఎందరు మోటారు దగ్గర, ఎందరు తెగిన తీగ మీద కాలేసి పోయారో ఆ పట్టికలో కనబడదు. పాము కాటుకైతే 2000 నుంచి 2019 దాకా ఏటా సగటున 58 వేల మంది, ఎక్కువమంది పల్లెల్లోనే. ఇవి చావుల లెక్కలు. మీ నాన్నగారి రెండు వేళ్లు ఈ లెక్కల్లో దేంట్లోనూ లేవు. జిల్లా పేజీలో నాలుగు లైన్ల వార్త కూడా కాలేదు కదా?

ఇక మీరడిగిన ప్రశ్న. బలవంతంగా తీసుకురావద్దు. టమాటా ధర ఒక నెల పెట్టెకు వెయ్యి పలికి, ఇంకో నెల కోత కూలి కూడా రాక రోడ్డు పక్కన పారబోసే ఊళ్లో, పదిహేను రోజులకొకసారి వచ్చే పాల బిల్లు ఒక్కటే నమ్మకమైన డబ్బు. ఆవుల్ని అమ్మమంటే మీ నాన్నగారి చెవికి ఎలా వినబడుతుందో ఆలోచించండి. 'నీ చేయి పోయింది, ఇక నువ్వు పనికిరావు' అని. ఫోన్ అమ్మకిచ్చేయక ఏం చేస్తారు! మారతహళ్లిలో ఆరో అంతస్తు బాల్కనీలో కూర్చోబెడితే ఆ చేతిని టవల్ కింద నుంచి ఇక తీయరు. రెండేళ్లకో మూడేళ్లకో ఆయనే వస్తానంటే అది వేరే సంగతి.

ఫోన్లో 'జాగ్రత్త నాన్నా' అనడం కూడా కొన్నాళ్లు మానేయండి. ఈ మాట అంటే మీకు కోపం రావచ్చు. పీణ్యాలో నేను కన్నడంలో, తెలుగులో, తమిళంలో, హిందీలో 'జాగ్రత్త' అని రాయించి గోడ నిండా అతికించినవాణ్ని. ఆ కుర్రాడి ప్రెస్సు వెనక కూడా ఒకటుండేది. పోస్టరు చెయ్యి అడ్డం పెట్టదు. పైగా దెబ్బ తగిలినవాడితో జాగ్రత్త అంటే 'నీ తప్పే' అన్నట్టే. దానికి బదులు శనివారం కొట్టంలోకి వెళ్లి, మెయిన్ ఆపి, ఫ్యూజు పీకి, అది మీ నాన్నగారి చేతిలోనే పెట్టి, 'ఎలా జరిగింది నాన్నా, చూపించు' అనండి. ఎందుకు చేశావు అని అడగొద్దు, ఎలా జరిగింది అనే అడగండి. నేను ఎన్నో ప్రమాదాలకు రిపోర్టు రాశాను. ఎందుకు అని అడిగితే మనిషి మూసుకుపోతాడు, ఎలా అని అడిగితే కాసేపటికి తనే చూపిస్తాడు, ఇక్కడ నిలబడ్డాను, ఇలా వంగాను, అప్పుడు లైటొచ్చింది అని. ఆ తర్వాత తొట్టి ఎంత పొడవు పెడదాం, బటన్ ఎక్కడ పెడదాం అని ఆయన్నే అడగండి. ఆ మిషన్ సంగతి ఆ ఇంట్లో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎలక్ట్రీషియన్‌ను కూడా ఆయనే పిలవనివ్వండి. మీరు డబ్బులిస్తే చాలు.

ఆ ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడే కొట్టానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి. మీ ఫ్లాటు మీటరు బోర్డులో ఉంటుందే, నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కమని రాసి ఉంటుంది, అదే. తడి నేల, వట్టికాళ్లు, ఇనప మిషన్, ఇంతకన్నా షాకుకు అనువైన చోటు ఉండదు. ఎర్తు గుంటలో ఎండాకాలం నీళ్లు పోయించాలి, మన సీమ నేల ఎండితే ఎర్తు ఉత్తదే. ఆవు కుడితి తొట్టి దగ్గరికి వచ్చి మూతి పెట్టబోయి వెనక్కి జంకుతుంటే తెగులేమో అనుకోకముందు లీకేజీ చూడండి. మనకు తెలియనంత చిన్న కరెంటు కూడా ఆవుకు తెలుస్తుంది.

వేళ్ల గురించి ఒక మాట. అమ్మ మర్నాడు వెతికిందని రాశారు. ఆమెతో చెప్పండి, గడ్డి మిషన్లో పడ్డ వేలు ఎక్కువగా నలిగిపోయో, ముక్కలయ్యో ఉంటుంది, తెచ్చినా అతుకుతుందని ఖాయమేమీ లేదని. ఆ భారం ఆమె మోయనక్కర్లేదు. కానీ తెలుసుకుని ఉంచడం మంచిది, ఎవరికైనా అక్కరకొస్తుంది. రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి చేయి పైకెత్తాలి. పసుపు, కాఫీపొడి పోయకూడదు. తెగిన ముక్కను తడి గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును ఐసు ఉన్న ఇంకో కవరులో పెట్టాలి. ముక్కను నేరుగా ఐసులో వేస్తే పాడైపోతుంది. అలా చల్లగా ఉంచితే ముళబాగిలు, కోలారు దాటి బెంగళూరు చేరినా డాక్టర్లకు ప్రయత్నించే అవకాశం ఉంటుంది.

బీమా ఉందా అని మీరడగలేదు, అయినా చెబుతాను. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమాలో 18 నుంచి 70 ఏళ్ల వాళ్లెవరైనా చేరొచ్చు. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి. ఒక చేయి గానీ పాదం గానీ కన్ను గానీ పూర్తిగా పోతే లక్ష. రెండు వేళ్లకు అందులో ఏమీ రాదు, కాబట్టి నాన్నగారి పేరు మీద అది ఇదివరకే ఉన్నా లేకున్నా దిగులు పడకండి. ఇప్పుడు మాత్రం నలుగురికీ కట్టండి. మీ తమ్ముడికి మరీను.

తమ్ముడి విషయానికొచ్చాను. మీ డీపీ నేను చూడలేదు కానీ అందులో ఏముందో చెప్పగలను. బాబు మడ్‌గార్డు మీద కూర్చుని ఉంటాడు, ఒక చేయి మామ భుజం మీద ఉంటుంది, వెనకాల తిరిగే బ్లేళ్లతో మట్టిని గుల్ల చేసే రోటావేటరు. అవునా? ట్రాక్టరు సీటు ఒకరికే చేశారు. గట్టు ఎక్కి దిగేటప్పుడు కుదుపుకు బాబు జారితే మొదట పెద్ద చక్రం, దాని వెనక రోటావేటరు బ్లేళ్లు, మధ్యలో అరక్షణం. మామకు తెలిసేలోపే అయిపోతుంది. ట్రాక్టరు నుంచి పరికరానికి తిరిగే పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. లుంగీ అంచు తగిలితే ఒక్క సెకనులో ఆరడుగుల గుడ్డను చుట్టేసుకుంటుంది, లోపల ఉన్న మనిషితో సహా. ఆ షాఫ్టుకు ప్లాస్టిక్ గొట్టంలాంటి మూత వస్తుంది, గ్రీజు పెట్టడానికి అడ్డమని పీకేసి షెడ్డులో పడేస్తారు. తమ్ముణ్ని అడిగి వెతికించండి. దొరక్కపోతే కొత్తది కొనండి, లుంగీకి బదులు ప్యాంటు కట్టించండి.

ట్రైలరునూ, ఇరుక్కున్న బండినీ ట్రాక్టరు వెనక కింద ఉండే లాగుడు కమ్మీకే, అంటే డ్రా బారుకే కట్టి లాగాలి. పైన టాప్ లింకు దగ్గర కట్టి లాగితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది, ఒకటి ఒకటిన్నర సెకన్లలో. ఎంత ఆరితేరిన డ్రైవరైనా ఆ లోపల ఏమీ చేయలేడు. స్వీడన్‌లో 1959లో కొత్త ట్రాక్టర్లకు డ్రైవరు చుట్టూ ఉక్కు చట్రం ఉండి తీరాలన్నారు. పాత ట్రాక్టర్లు ఒక్కొక్కటే పోయి చట్రమున్నవి వస్తున్న కొద్దీ తిరగబడి చనిపోవడం అక్కడ దాదాపు మాయమైంది. స్వీడన్ రైతులు రాత్రికి రాత్రి జాగ్రత్తపరులై ఉంటారని నేననుకోను. మీ తమ్ముడు తోలే బండికి ఆ చట్రం ఉందో లేదో చూడండి. ఉంటే బెల్టు కూడా పెట్టుకోవాలి, లేకపోతే చట్రం బయటికి ఎగిరిపడతాడు. బాబుకు మాత్రం బండి ఆగి, తాళంచెవి మీ చేతిలో ఉన్నప్పుడు సీటులో కూర్చోబెట్టి ఫోటో తీయండి, అందంగానే వస్తుంది. డీపీ ఈ రాత్రే మార్చేయండి. అది చూసి మీ అపార్టుమెంటులో ఇంకో నలుగురు తల్లులు ఈ వేసవికి అలాంటిదే తీయించుకుంటారు.

మందు కొట్టడం, తెల్లవారుజామున గడ్డికి పోయేటప్పుడు పాములు, ఇవి ఇంకా ఉన్నాయి. టార్చి, మోకాళ్ల దాకా వచ్చే గమ్ బూట్లు ఇప్పుడే కొనేయండి. పాము కరిస్తే కట్టు కట్టకుండా, కోయకుండా, నాటు వైద్యానికి పోకుండా నేరుగా విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికే. మిగతావి ఇంకోసారి. అన్నీ ఒకే శనివారం మోసుకెళ్తే నాన్నగారు మళ్లీ ఫోన్ అమ్మకిచ్చేస్తారు.

స్టార్టర్ ఎస్.పి. రోడ్డులో దొరుకుతుంది. కొనేముందు మోటారు మీద చిన్న ఇనప ప్లేటు ఒకటుంటుంది, ఎన్ని హార్స్‌పవరు, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, ఎన్ని ఆంపియర్లు అన్నీ దాని మీద చెక్కి ఉంటాయి. అది చూపిస్తేనే షాపులో సరైనది ఇస్తారు. ఈ సాయంత్రం మీ నాన్నగారికి ఫోన్ చేసి, ఆ ప్లేటు ఫోటో ఒకటి తీసి వాట్సాప్‌లో పంపమని అడగండి. దుమ్ము తుడవాలి, ఎడమచేత్తో తీయాలి, రెండు మూడుసార్లు మసకగా వస్తుంది. తొందరపెట్టకండి.